కళాపూర్ణోదయం ప్రేమకథ అనుకొని మొదలుపెట్టా, సగంలో ఆగిపోయా. చదివినవాళ్ళు కాస్త చెప్పండి

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో బ్యాంక్ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నా. రాత్రి పడుకునే ముందు ఒక గంట ఏదో ఒకటి చదవందే నిద్ర పట్టదు. రెండేళ్ళుగా చదివేవన్నీ రొమాంటిక్ ఫాంటసీ నవలలే, ఫోన్లో ఇంగ్లీషువి, తెలుగు యాప్‌లలో వచ్చే సీరియల్ కథలు. శాపాలు, మాయలు, వేరే లోకం రాకుమారుడు, మొదట కొట్టుకుని తర్వాత ప్రేమలో పడే జంట, ఇవన్నీ నాకు ప్రాణం.

మా హాస్టల్‌లో నంద్యాల అక్క ఒకామె ఉంది. ఆమె అంది, ఇవన్నీ ఎందుకే, నాలుగైదు వందల ఏళ్ళ కిందట మా నంద్యాల రాజు దగ్గర పింగళి సూరన ఇంతకంటే పెద్ద ఫాంటసీ రాశాడు, అందులో గాల్లో ఎగిరే రథం ఉంది, రూపాలు మార్చుకోవడం ఉంది, అంతా ప్రేమే, చదువు అని. లైబ్రరీలో వెతికితే పద్యాల కింద తాత్పర్యం ఉన్న పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది.

మొదలు ఎంత బాగుందో. ద్వారకలో కలభాషిణి అనే వేశ్య స్నేహితురాళ్ళతో తోటలో ఉయ్యాల ఊగుతుంటుంది, పైన ఆకాశంలో కుబేరుడి కొడుకు నలకూబరుడు రంభతో రథంలో పోతుంటాడు, ఈ పిల్ల కింద నుంచి అతన్ని చూసి మనసు పారేసుకుంటుంది. నాకు ఇంక చాలు అనిపించింది, ఇదే కదా కథ, వీళ్ళిద్దరూ ఎలా కలుస్తారా అని రాత్రి ఒంటిగంట దాకా చదివా.

తర్వాత ఏమీ అలా జరగలేదు. నారదుడు సంగీతం నేర్చుకోవడం, అతని శిష్యుడు మణికంధరుడు, ఇంకొకడు మణిస్తంభుడు అని ఒకేలా వినిపించే పేర్లు, సిద్ధుడొకడు వచ్చి ఆ అమ్మాయిని ఎత్తుకుపోవడం, ఒకరి రూపంలో ఇంకొకరు. ఎవరు ఎవరో తెలియక మూడుసార్లు వెనక్కి తిప్పా. మధ్యలో కాశ్మీరంలో ఎవరో మొగుడూ పెళ్ళాల కథ, తోట పని, అది పిట్టకథలే అని దాటేశా. ఓపిక లేక అటూ ఇటూ తిప్పి చూస్తే కలభాషిణిని అమ్మవారికి బలి ఇచ్చేస్తారని కనిపించింది! పుస్తకం పేరు ఎవరి మీద ఉందో ఆ కళాపూర్ణుడు అప్పటికింకా పుట్టను కూడా పుట్టలేదు. నిజంగా బాధేసింది, మూసేసి పక్కన పెట్టా. వచ్చే శనివారం తిరిగి ఇచ్చేయాలి.

నా ప్రశ్న ఒకటే. ఇది ప్రేమకథేనా? చివరిదాకా చదివితే నేను మొదట్లో ఇష్టపడ్డ ఆ పిల్లకు ఏమన్నా న్యాయం జరుగుతుందా? లేకపోతే నేనే తప్పు పుస్తకం పట్టుకున్నానా?


పాతబండి_తెలుగు_మాస్టారు (కడప)

అమ్మా, నువ్వు పట్టుకున్నది సరైన పుస్తకమే. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పినవాడిగా అంటున్నా, నువ్వు ఎక్కడ ఆగావో మా పిల్లలు కూడా దాదాపు అక్కడే ఆగేవాళ్ళు. పరీక్షకు కావలసిన నాలుగు పద్యాలు చదివి వదిలేసేవాళ్ళు, నువ్వు కనీసం బాధపడ్డావు, అంటే కథ లోపలికి పోయావన్నమాట.

ముందు నీ ప్రశ్నకు జవాబు (కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు ఈ ముక్క దాటేయండి). కలభాషిణి కథ బలితో అయిపోదు. ఆమే మధురలాలసగా మళ్ళీ పుడుతుంది, మణికంధరుడు కళాపూర్ణుడుగా పుడతాడు, వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుంది. అది కూడా ఎలా తెలుస్తుందో చూడు. మధురలాలస ఇంకా చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒక మణి తగలగానే పూర్వజన్మ గుర్తొచ్చి రాజసభలో మాట్లాడటం మొదలుపెడుతుంది. నువ్వు ఇంతదాకా తికమకపడి చదివినదంతా ఆ పసిబిడ్డ నోటితో ముడి విప్పుతాడు సూరన. నాకు ఇన్నేళ్ళయినా ఆ చోట ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇక ఈ పుస్తకం ఎందుకు ఇలా ఉందంటే, సూరన ముందు ఫలితం చూపించి తర్వాత కారణం చెబుతాడు. ఒకడు ఎందుకు ఏడుస్తున్నాడో నూరు పేజీల తర్వాత తెలుస్తుంది. అన్నిటికంటే ముందు జరిగినది అన్నిటికంటే తర్వాత వస్తుంది. బ్రహ్మ ఒకప్పుడు ఏకాంతంలో సరస్వతికి చెప్పిన కథ ఒకటుంది, ఆ చెప్పిన మాటే భూమ్మీద ఈ మనుషులందరి బతుకుగా నడిచింది. దేవుడు పెళ్ళానికి చెప్పిన కథలో పాత్రలు నిజంగా పుట్టి, ఆ కథను జీవించడం! పదహారో శతాబ్దంలో ఈ ఊహ రావడం మామూలు విషయం కాదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో కవిత్వతత్త్వ విచారము రాసినప్పుడు సూరన కథాకల్పనను పట్టుకొని అంత మెచ్చుకున్నది ఊరికే కాదు. పద్యంలో రాసిన నవల అని దీన్ని విమర్శకులు అనేది కూడా అందుకే. పురాణంలోంచి తీసుకోకుండా సొంతంగా కల్పించిన కథ ఇది.

ఒక పని చెయ్యి. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకొని నిలువుగా గీత గియ్యి. ఎడమ పక్కన అసలు మనిషి పేరు, కుడి పక్కన ఇప్పుడు ఎవరి రూపంలో ఉన్నారో రాయి. మా క్లాసులో నేను బోర్డు మీద ఇదే చేసేవాణ్ణి. నాలుగు వరుసలు రాసేసరికి నీకే కథ పట్టుబడుతుంది. ముఖ్యంగా రంభ, నలకూబరుడు అనే పేర్లు కనిపించినప్పుడల్లా ఆగి చూడు, అక్కడ నిజం రంభ ఉందా, వేరే ఎవరన్నా ఉన్నారా అని.


చెనక్కాయ_చేను (అనంతపురం)

చెల్లీ, నువ్వు పిట్టకథ అని దాటేశావే, ఆ తోట కథ, దయచేసి వెనక్కి పోయి చదువు. నాకైతే పుస్తకం మొత్తంలో ప్రేమ అంటే అదే.

కాశ్మీరంలో శారదాదేవి గుడి పూజారి కూతురు సుగాత్రి. ఆమెకు శాలీనుడు అనే అబ్బాయిని ఇచ్చి ఇల్లరికం తెచ్చుకుంటారు. రోజూ రాత్రి తల్లి కూతురికి నగలన్నీ పెట్టి, పూలు పెట్టి, గదిలోకి పంపుతుంది. అతను ముట్టుకోడు, పలకరించడు. అత్తకు మండిపోయి, తిండి దండగ అని అల్లుణ్ణి గుడి పూలతోట పనికి తోలుతుంది. అతను కిక్కురుమనకుండా పోయి తవ్వుకుంటుంటాడు. మొగుణ్ణి ఇలా చేస్తున్నారే అని సుగాత్రికి మనసు ఒప్పదు. ఒకరోజు నగలు తీసి పక్కన పెట్టి, తనూ తోటలోకి పోయి అతనితో సమానంగా పని చేస్తుంది. జుట్టు చెదిరి, ఒళ్ళంతా చెమట పట్టి ఉన్న ఆ పిల్లను చూసి అప్పుడు, అప్పుడు మొదటిసారి అతనికి ఆమె మీద కోరిక పుడుతుంది.

తర్వాత సంగతి ఇంకా బాగుంటుంది. ఆమె మళ్ళీ రాత్రి అలంకరించుకొని పోతే అతను మళ్ళీ మామూలే. అప్పుడు గానీ ఆమెకు తెలియదు, ఇతనికి కావలసింది నగలు లేని నేను అని.

నేను ఇది చదివింది మా ఊళ్ళో, చెనక్కాయ పీకే రోజుల్లో. మా అమ్మా నాన్నలది పెద్దలు చూసిన పెళ్ళి, మా అమ్మ చెప్పేది, పెళ్ళైన ఏడాది దాకా మీ నాన్న నా మొహం సరిగా చూడలేదు, ఆ ఏడాది కూలోళ్ళు దొరక్క నేను చేలోకి దిగితే, సాయంత్రం చేతికి మన్ను అంటి ఉంటే చెంబుతో నీళ్ళు పోసి చేతులు కడిగించినాడు, అప్పట్నుంచి మాట కలిసింది అని. ఆ మాట నేను చిన్నప్పట్నుంచి వింటున్నా, ఏదో అమ్మ చెప్పే ముచ్చట అనుకున్నా. సుగాత్రి కథ చదివిన రాత్రి అమ్మను కూర్చోబెట్టి తాత్పర్యం మొత్తం గట్టిగా చదివి వినిపించినా. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి, ఆ పిల్ల తల్లి నగలు పెట్టి పంపడం తప్పు కాదులే, ఆమెకు తెలిసింది అదే అంది.

ఇంకో మాట, ఈ సుగాత్రి, శాలీనుడు వేరే ఎవరో కాదు. సుముఖాసత్తి, మణిస్తంభుడు అని నువ్వు చదివావు చూడు, వాళ్ళే. నువ్వు దాటేసింది పిట్టకథ అనుకున్నావు గానీ కళాపూర్ణుడి అమ్మానాన్నల కథ అది.


రాత్రి_బస్సు (కర్నూలు)

నేను వేరేగా అంటా, మాస్టారు గారు ఏమీ అనుకోవద్దు. నేను దీన్ని పూర్తిగా చదివా, చదివి నచ్చలేదు.

కలభాషిణి కోరుకున్నది నలకూబరుణ్ణి. ఆమెకు దొరికింది నలకూబరుడి రూపంలో ఉన్న మణికంధరుడు. అతను కోరుకున్నది రంభను, దొరికింది రంభ రూపంలో ఉన్న కలభాషిణి. ఇద్దరూ ఎదుటివాళ్ళు అసలువాళ్ళే అనుకుంటారు. తర్వాత నిజం రంభ వచ్చి గొడవ, శాపం. ఇప్పటి నవలలో ఇలా ఉంటే మనం రచయితను వదిలిపెడతామా? మోసంతో మొదలైన సంబంధాన్ని తర్వాతి జన్మలో పెళ్ళి చేసి సరిపెట్టడం నాకు మింగుడుపడలేదు. నడుమ అమ్మాయి తల పోయింది. పాతకాలం పుస్తకం కదా అని ఊరుకోవాలంటే నా వల్ల కాదు, ఎందుకంటే సుగాత్రి కథలో అంత సున్నితంగా రాసినవాడు ఇక్కడ కూడా రాయగలడు కదా అనిపిస్తుంది.

కాబట్టి చెల్లెమ్మా, నీకు ఇష్టం లేకపోతే శనివారం ఇచ్చేయ్, తప్పేం లేదు. ప్రేమ కోసం చదివేవాళ్ళకు ఇది సగమే ఇస్తుంది. చిక్కుముడి విప్పడం ఇష్టమున్నవాళ్ళకైతే పూర్తిగా ఇస్తుంది, అది మాత్రం ఒప్పుకుంటా. నేను రాత్రి డ్యూటీలో, డోన్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా పది పేజీలు చదివేవాణ్ణి, ఎవరు ఎవరో కనిపెట్టినప్పుడు గొప్ప సంతోషంగా ఉండేది.


పాతబండి_తెలుగు_మాస్టారు (కడప)

అనుకునేదేముంది నాయనా, ఇంత శ్రద్ధగా చదివి కాదన్నవాడు చదవకుండా ఔనన్నవాడికంటే నాకు ఇష్టం.

నీ అభ్యంతరం సరైనదే, బలి ఘట్టం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ మోసం సంగతి ఇంకోసారి చూడు. అక్కడ ఎవరు ఎవరిని మోసం చేశారు? ఇద్దరూ ఒకేసారి వేషం వేశారు, ఇద్దరూ ఒకేసారి మోసపోయారు. కలభాషిణి నలకూబరుణ్ణి ఎప్పుడు ప్రేమించింది? ఉయ్యాల మీద నుంచి పైకి చూసి. అతని మాట వినలేదు, మనసు తెలియదు, రూపం ఒక్కటే చూసింది. ఆ రూపమే దొరికింది, లోపల మనిషి వేరు. మణికంధరుడిదీ అంతే. రూపం కోరుకున్నవాళ్ళకు సూరన రూపమే ఇచ్చి ఊరుకున్నాడు. ఇప్పుడు అనంతపురం తల్లి చెప్పిన సుగాత్రిని దాని పక్కన పెట్టు. అక్కడ అలంకారం తీసేస్తే గానీ ప్రేమ పుట్టలేదు. ఈ రెండూ ఒకే మనిషి ఒకే పుస్తకంలో రాశాడు, రాసి ఆ రెండు జంటలనూ ఒకే అమ్మవారి గుడి దగ్గరికి చేర్చాడు. నేను చాలా ఏళ్ళు ఈ రెండు కథలను విడివిడిగానే పాఠం చెప్పా, రిటైరయ్యాక తీరిగ్గా చదివినప్పుడు గానీ ఒకదాని పక్కన ఒకటి కనపడలేదు.


నల్లమల_నీడ (నంద్యాల)

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక ముక్క. సూరన ఈ కావ్యాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితం ఇచ్చాడు. ఇక్కడ చాలామందికి మహానంది తెలుసు, నవనందులు తెలుసు, ఇది తెలియదు. మా ఊళ్ళో పుట్టిన పుస్తకమని నాకు ఇంజనీరింగ్ అయిపోయేదాకా ఎవరూ చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పద్యాలు కష్టంగా ఉంటే ఇంకో దారి ఉంది. వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం ది సౌండ్ ఆఫ్ ది కిస్ 2002లో వచ్చింది. నువ్వు ఇంగ్లీషు నవలలు చదువుతావు కాబట్టి అది నీకు చాలా హాయిగా పోతుంది. నేను మొదట అదే చదివా. కథ తెలిశాక తెలుగులోకి వచ్చి, నచ్చిన చోట్ల మాత్రం పద్యం పైకి చదువుకున్నా. ఉయ్యాల పద్యాలు పైకి చదివి చూడు, నిజంగా ఊగుతున్నట్టే ఉంటుంది లయ.

ఒక్కటి మాత్రం ముందే చెబుతా, లేకపోతే మళ్ళీ పుస్తకం మూసేస్తావు. సుముఖాసత్తి, మణిస్తంభుడు ఒక దశలో ఆడ మగ మారిపోతారు. ఆమె మగవాడవుతుంది, అతను ఆడదవుతాడు. కళాపూర్ణుడికి తండ్రి సుముఖాసత్తి, తల్లి మణిస్తంభుడు. నువ్వు తప్పు చదవలేదు, అచ్చుతప్పు కూడా కాదు, అలాగే ఉంటుంది. నేను ఆ చోట పేజీ రెండుసార్లు తిప్పి, మా మామకు ఫోన్ చేసి అడిగా.


తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత రాస్తారని అనుకోలేదు. నిన్న క్లాసు ఎగ్గొట్టి సుగాత్రి కథ చదివా. అక్కా, మీ అమ్మ గారి మాట చదివాక చదివా కాబట్టేమో, చివరికొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఇన్ని నవలల్లో బాల్‌రూమ్‌లూ పట్టుగౌన్లూ చదివా, హీరో ఆమె అలంకరణ చూసి నోరు తెరిచే సీన్ లేని పుస్తకం లేదు. ఇక్కడ రివర్స్. అతను ఆమెను చెమటలో చూసి నిలబడిపోతాడు. దీన్ని పిట్టకథ అని దాటేశానంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు.

బస్సు అన్నా, మీరన్నది కూడా నాకు అలాగే ఉంది. బలి దగ్గర కోపం తగ్గలేదు. మాస్టారు గారు చెప్పిన రూపం సంగతి అర్థమైంది కానీ, ఉయ్యాల మీద నుంచి పైకి చూసినందుకు అంత శిక్షా అనిపిస్తూనే ఉంది. ఆ పిల్లకు అప్పుడు ఏం తెలుసు? మధురలాలసగా పుట్టి తనే నోరు తెరిచి తన కథ చెప్పుకుంటుంది అన్నారు కదా, ఆ చోటు చదివేదాకా ఈ కోపాన్ని అలాగే ఉంచుకుంటా. ఆమె ఏం చెబుతుందో వినాలి నాకు.

నోట్‌బుక్‌లో గీత గీశా సార్. ఎడమ పక్కన ఏడు పేర్లయ్యాయి, కుడి పక్కన రంభ అని రెండుసార్లు వచ్చింది. లైబ్రరీలో అడిగితే ఇంకో పదిహేను రోజులు గడువు వేశారు. ఇంతకుముందు ఎవరు తీసుకున్నారా అని వెనక అంటించిన కాగితం చూస్తే నా తేదీకి పైన ముద్ర చెరిగిపోయి చదవడానికి రావట్లేదు, అంత పాతది.

ఒక చిన్న సందేహం, తెలిసినవాళ్ళు చెప్పండి. సుగాత్రి తోటలోకి పోయేటప్పుడు నగలు తీసి పెట్టింది కదా, అతని కోసం తీసిందా, పనికి అడ్డం అని తీసిందా? నేను రెండోదే అనుకుంటున్నా. హాస్టల్ అక్క మాత్రం మొదటిదే అని వాదిస్తోంది, పొద్దున టిఫిన్ దగ్గర ఉగ్గాని చల్లారిపోయేదాకా దీని మీదే మాట్లాడుకున్నాం.


చెనక్కాయ_చేను (అనంతపురం)

పనికి అడ్డం అనే చెల్లీ. చేతికి గాజులుంటే పార పట్టడానికి రాదు, మా అమ్మనడుగు.